నాలుగు వేల ఏడు వందల ప్రథమఫలం

ఉద్యోగంలో చేరిన ప్రతి బిడ్డా మొదటి నెల జీతాన్ని, అందులో ఒక్క రూపాయి కూడా వాడుకోకుండా, కవరులో పెట్టి దేవునికి అర్పించడం మా చర్చిలో ఆచారం. దాన్ని ప్రథమఫలం అంటాం. పొలమున్నవాళ్ళు తొలి పంటలోనుంచి ఒక మూట తెచ్చి ఇచ్చిన కాలంలో పుట్టిన మాట అది. పొలాలు పోయి జీతాలు వచ్చినా మాట మారలేదు. నెలలో మొదటి ఆదివారం, ప్రభువు బల్ల సంస్కారానికి ముందు, సంఘ కార్యదర్శి లేచి నిలబడి ఇచ్చినవారి పేరు, చేరిన ఉద్యోగం, ఇచ్చిన మొత్తం పైకి చదువుతాడు. ఇరవైయారేళ్ళుగా ఆ కార్యదర్శిని నేనే. తెలుగు పండితుణ్ణి కనుక ఉచ్చారణ స్పష్టంగా ఉంటుందని ఆ పని నాకు అప్పగించారు. ఆ తరువాత ఎవరూ తిరిగి తీసుకోలేదు.

మొత్తాన్ని కూడా చదవడం ఎందుకని బయటివారికి అనిపించవచ్చు. మా సంఘంలో తాతలు చాలామంది కూలికి పోయి బతికినవాళ్ళు. మనుమడి జీతపు అంకె నలుగురి చెవిన పడినప్పుడు వాళ్ళు తలపాగా సర్దుకొని కూర్చోవడం నేను వేదిక మీదనుంచి చూసేవాణ్ణి. వాళ్ళ కోసమే ఆ అంకెలను గొంతు కొంచెం పెంచి, ఒక విరుపు ఇచ్చి చదివేవాణ్ణి. పోయిన జూలైలో మా మనుమరాలి అంకె చదవవలసి వచ్చింది. ఆ రోజు చేతిలోని కాగితం బరువు వేరు.

ఆమె మా కూతురి బిడ్డ. తండ్రి డోన్‌లో ట్రాలీ ఆటోలో నాపరాళ్ళు తోలుతాడు. ఇంటర్ మాత్రం మా ఇంటికి దగ్గరగా, కర్నూలులో హాస్టలులో ఉండి చదివింది. రెండో సంవత్సరం మధ్యలో తన గదిలో ఉండే పిల్ల ఒకతె, పరీక్షలో మార్కులు తగ్గిన తరువాత ఎవరితోనూ మాట్లాడడం మానేసిందట. మా పిల్ల పదకొండు రోజులు ఆమె పక్కన ఊరకే కూర్చొని, ఆమె నోట్సు కూడా తానే రాసిపెట్టిందట. పన్నెండో రోజు ఆ పిల్ల పెరుగన్నం కావాలని అడిగిందట. సెలవులకు వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పి, "తాతా, నాకు ఇదే పని చేయాలనుంది. దీనికొక చదువుండాది" అంది. మనస్తత్వశాస్త్రంలో బి.ఏ. మంచి కళాశాల బెంగళూరులో. ఫీజు, హాస్టలు కలిపి మూడేళ్ళకు అయిదు లక్షల పైన.

ఆ సెలవుల్లోనే ఒక ఆదివారం మా అల్లుడు మా ఇంట్లో భోజనం చేసి, చేయి కడుక్కోకుండానే అడిగాడు.

"మామా, నీకు తెల్వందేముంది గానీ, ఈ సైకాలజీ అంటే ఏం పని? డాక్టరా, టీచరా?"

"మనస్సును చదివే శాస్త్రం" అన్నాను.

"మనసు సదివినందుకు దుడ్లు ఎవురిస్తారు మామా?"

వంటింట్లోనుంచి నా భార్య అందుకుంది. "ఈ మనిషి మనసు సదివేదానికి నాకు యాబై ఏండ్లు పట్టె. ఒక్క రూపాయన్నా ఇచ్చినాడేమో అడుగప్పా!"

అందరం నవ్వాం. నవ్వు అయిపోయాక అల్లుడు మళ్ళీ అదే ప్రశ్న వేశాడు. "నవ్వులాట కాదు మామా. బీకామ్ అయితే మా ఓనరు దగ్గరే లెక్కలు రాసే పనుండాది. దీనికి యాడ ఉండాది పని?" రాళ్ళు మోసేవాడికి బరువు తెలుసు. నాకు తెలియదు. శాస్త్రం అన్న మాట మీద నాకున్న గౌరవం కొద్దీ అతనికి అరగంట ఉపన్యాసం చెప్పాను. జిజ్ఞాస అన్నాను, వివేచన అన్నాను. అతడు పాపం తల ఊపి, "నువ్వు సంతకం పెడతానంటే సరే మామా" అన్నాడు. ఆటో ఆదాయానికి కాగితాలు లేవు. పింఛను వచ్చే మనిషి సంతకం లేనిదే బ్యాంకువారు విద్యారుణం ఇవ్వరు.

బ్యాంకులో దరఖాస్తు నేనే నింపాను. నా దస్తూరి చూసి అక్కడి కుర్రవయసు అధికారి ముచ్చటపడ్డాడు. అన్ని గడులూ నింపుతూ వచ్చి ఒక గడి దగ్గర ఆగాను: చదువు ముగిశాక ఆశించే నెలసరి ఆదాయం.

"ఎంత రాయాల తాతా?" అంది మనుమరాలు.

ఎవరినైనా అడగవచ్చు. ఆ కళాశాలకే ఫోను చేయవచ్చు. నేను మాత్రం కలం ఎత్తకుండా ముప్పైయైదు వేలు అని రాశాను. అది దాదాపు నా పింఛను. ఒక పల్లెటూరి పండితుడికి ఇంట్లో కూర్చోబెట్టి ఇచ్చే మొత్తం కంటే, మహానగరంలో శాస్త్రం చదివిన పిల్లకు తక్కువ వస్తుందన్న ఊహ నాకు రాలేదు. అధికారి ఆ గడి మీద వేలు పెట్టి, "సార్, ఈ కోర్సుకు ఇంతొస్తుందా?" అని మర్యాదగానే అడిగాడు. "రాకేం నాయనా!" అన్నాను. ఆయన ముద్ర వేశాడు.

ఆ తప్పు చేయడానికి లోకంలో ఎవరికైనా హక్కుందేమో గానీ నాకు లేదు. నేను కర్నూలులో ప్రాచ్య కళాశాలలో భాషాప్రవీణ చదివినవాణ్ణి. అయిదేళ్ళు వ్యాకరణం, అలంకారశాస్త్రం నూరిపోసుకొని, పట్టా పుచ్చుకొని, మా నాయన కట్టించిన కొత్త పంచెతో జిల్లా విద్యాశాఖ కార్యాలయానికి పోతే, అక్కడి గుమాస్తా పట్టాను తిరగేసి చూసి, "పండిత శిక్షణ సర్టిఫికెట్ ఏదప్పా?" అన్నాడు. అది లేనిదే ప్రవీణ పట్టాకు బడిలో చోటు లేదట. ఆ ఒక్క సంవత్సరపు శిక్షణలో సీటు దొరకక, ఒక అచ్చాపీసులో పెండ్లిపత్రికలకు, ఎన్నికల కరపత్రాలకు ప్రూఫులు దిద్దుతూ మూడేళ్ళు గడిపాను. ఒక చదువు తరువాత ఇంకొక చదువు ఉంటేనే మొదటిదానికి విలువ వచ్చే బతుకును నేను స్వయంగా బతికాను. అయినా మనుమరాలి విషయంలో ఆ ప్రశ్న నా నోటికి రాలేదు. ఉద్యోగం వచ్చాక ఆ మూడేళ్ళను ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను; దాచి దాచి నాకే గుర్తులేకుండా పోయింది.

పట్టా పుచ్చుకొని ఆమె కర్నూలుకు వచ్చిన నెలలోనే ఆ ప్రశ్న ఎదురైంది. ఒక పెద్ద ఆసుపత్రిలో మనోవైద్యుడిని కలిశాం. మంచి మనిషి, పావుగంట కూర్చోబెట్టి చెప్పాడు. బి.ఏ. పునాది మాత్రమే. దానిమీద ఎం.ఏ. చదవాలి, ఆపైన ఆసుపత్రిలో శిక్షణ పొందాలి, అప్పుడే రోగిని ఎదురుగా కూర్చోబెట్టుకొని మాట్లాడే అధికారం వస్తుంది. పాఠశాలల వాళ్ళు కూడా ఎం.ఏ. అడుగుతున్నారు. బయటికి వచ్చాక మెట్ల మీద ఆమె అంది: "ఇవన్నీ నాకు రెండో సంవత్సరంలోనే తెలిసె తాతా. నువ్వు బాధపడతావని చెప్పలేదు."

ఒక సంవత్సరం అలా గడిచింది. ఎం.ఏ.కు చేరాలంటే ఇంకా రెండు లక్షలు కావాలి. మొదటి అప్పు తీరకముందే రెండోది చేయడానికి ఆమెకు ధైర్యం లేదు, చేయించడానికి నాకు మొహం లేదు. ఆత్మకూరు వైపు, నల్లమల అంచు పల్లెల్లో ఎవరికో ఆరోగ్య సర్వే చేసి పెట్టింది. నింపిన ఒక్కొక్క ఫారానికి ఇన్ని రూపాయలని ఇచ్చేవారు. ఎండకు నల్లబడి వచ్చేది. ఈలోగా బ్యాంకువారు ఇచ్చిన గడువు సంవత్సరం ముగిసింది. జూలై నుంచి నెలకు తొమ్మిది వేల మూడు వందలు, ఏడేళ్ళు. ఆ సందేశం ఆమె ఫోనుకూ నా ఫోనుకూ ఒకే నిమిషంలో వచ్చింది.

కడపలో ఒక ప్రైవేటు ఇంటర్ కళాశాలలో విద్యార్థులకు కౌన్సెలర్ కావాలని తెలిసి, మే నెలాఖరులో ఇద్దరం బస్సెక్కాం. నంద్యాల దాటాక కిటికీలోనుంచి వచ్చే గాలికి కళ్ళు మండాయి. మైదుకూరు దాకా ఆమె నిద్రపోయింది. నేను మాత్రం ఆమె ఒళ్ళోని ఫైలు జారిపోకుండా పట్టుకొని కూర్చున్నాను.

ప్రిన్సిపాలు పట్టా వైపు చూడలేదు. "ఏమ్మా, పిల్లోళ్ళు ఏడిస్తే ఊరడించాల. ఇంటికి పోతామంటే ఆపాల. అమ్మానాయినలు ఫోన్ చేస్తే బాగుండారని చెప్పాల. ఫీజు గురించి కూడా నువ్వే గుర్తు చేయాల. అంతే, సైకాలజీ అంటే ఇంకేముండాది?"

"బాగలేకుంటే కూడా బాగుండారని చెప్పాల్నా సార్?" అంది మా పిల్ల.

ఆయన నా వైపు చూసి నవ్వాడు. "శానా చురుకు పెద్దాయనా మీ పిల్ల. పద్నాలుగు వేలిస్తాం. గది, తిండి మావే. ఎం.ఏ. ఉండింటే ఇరవై అయిదు ఇచ్చేవాళ్ళం."

బస్‌స్టాండులో టీ తీసుకున్నాం. గ్లాసు కింద పెట్టి అన్నాను: "నువ్వు ఎం.ఏ.కు చేరు. కంతులు నేను కడతాను."

"ఏడేండ్లు తాతా."

"కడతాను."

"నీకు ఏడేండ్లు ఉండాయా?" అంది.

నాకు డెబ్బైనాలుగు. ఆమె ఆ మాట ఏ దురుద్దేశంతోనూ అనలేదు. అని తానే నాలుక కరచుకొని, ఫక్కున నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది. పక్కనున్న కండక్టరు మా ఇద్దరినీ వింతగా చూశాడు. బస్సు వచ్చేలోగా ఆమె నిశ్చయించుకుంది, ఉద్యోగంలో చేరుతానని. ఎం.ఏ. దరఖాస్తు మాత్రం తెప్పించుకొని నా బల్ల మీద పెట్టి వెళ్ళింది. దానికి జూలై నెలాఖరు గడువు. ఆ నెల రోజులూ మా ఇంట్లో ఎవరూ దాన్ని కదిలించలేదు.

జూలై మొదటి శనివారం సాయంకాలం ఆమె కడపనుంచి వచ్చింది. వాళ్ళ అవ్వ, నా భార్య, అప్పటికే కవరు సిద్ధం చేసి, దాని మీద శిలువ గుర్తు గీసి ఉంచింది. మా ఇంట్లో ప్రథమఫలం అంటే ఆమెకు ప్రాణం. నా మొదటి జీతం కవరులో పెట్టినప్పుడు మా నాయన, పొలంలో కలుపు తీసిన చేతులతో దాన్ని ముట్టకుండా తువాలు పరిచి పట్టుకున్నాడు. ఆ సంగతి ఆమె పెండ్లయిన కొత్తలో విని, ఇప్పటికీ ఎవరు వచ్చినా చెబుతుంది.

మనుమరాలు డబ్బు లెక్కపెట్టి కవరులో పెట్టింది. అవ్వ తీసి మళ్ళీ లెక్కపెట్టింది.

"ఏందే ఇది? నాలుగు వేల ఏడు నూర్లే ఉండాయి. మిగతావి యాడ?"

"బ్యాంకులో కట్టేసినానవ్వా. అయిదో తేదీకి కట్టాల్సినవి."

"ఓసి నీ! మొదటి జీతం దేవునిది కాదా? ఒక్క రూపాయి తీయగూడదు అంటే తొమ్మిది వేలు తీస్తివే!"

"తీయలేదవ్వా. అవి నావి కావు. పద్నాలుగు వేలు నా చేతికొచ్చినాయి గానీ, నా జీతం ఇదే. బ్యాంకోల్లవి దేవునికిచ్చి, నేను ఇచ్చినానంటే అబద్ధం కాదా?"

అవ్వ నా వైపు తిరిగింది. "చూడయ్యా, నీ శాస్త్రం ఏం మాట్లాడతాందో! బ్యాంకుకు కట్టిన దుడ్లు ఈ నెలకు నీ పింఛనులోనుంచి ఇయ్యరాదా? పద్నాలుగు వేలూ ఆ కవరులో పెట్టు. రేపు సదివేది నువ్వే గదా, నీకైనా సిగ్గుండాల."

నేను అదే అనుకుంటున్నాను. ఆ మాట ఒప్పుకోవాలి. కవరులో పద్నాలుగు వేలు ఉంటే రేపు పద్నాలుగు అని చదవవచ్చు. అది కూడా చిన్న అంకే. పోయిన సంవత్సరం ఐ.టి.ఐ. చదివి కర్మాగారంలో చేరిన కుర్రవాడికి పద్దెనిమిది చదివాను. అయినా పద్నాలుగుకూ నాలుగు వేల ఏడు వందలకూ ఎంతో దూరం. ఈ సంఘంలోనే, ఈ పిల్ల బెంగళూరుకు పోయిన రోజు, మనస్తత్వశాస్త్రమంటే ఏమిటో వరండాలో నిలబడి నలుగురికి వివరించినవాణ్ణి నేను. బీరువా దగ్గరికి వెళ్ళాను. తాళం చెవి తిప్పాను కూడా.

"తాతా" అంది ఆమె వెనుకనుంచి. "నువ్వు పెడితే అది నీ కానుకవుతాది. నా పేరుతో చదవొద్దు."

తాళం మళ్ళీ వేశాను.

మరుసటి రోజు ఆరాధనలో ప్రథమఫలాల పట్టీలో రెండే పేర్లు ఉన్నాయి. మొదటిది హైదరాబాదులో చేరిన ఒక నర్సుది. రెండోది చదివాను. మనుమరాలి పేరు, ఉద్యోగం విద్యార్థుల సలహాదారు, కడప. అక్కడ ఒక క్షణం ఆగాను. ఎప్పటి విరుపు కాదు అది. తరువాత, "అప్పు కంతు పోగా మిగిలిన మొదటి జీతం, నాలుగు వేల ఏడు వందల రూపాయలు" అని చదివాను. పట్టీలో ఆ మొదటి మాటలు లేవు. నేనే చేర్చాను.

బెంచీల్లో చిన్న గుసగుస లేచి అణిగింది. వెనుక వరుసలో ఒక పెద్దాయన, "పోగానా?" అని పక్కవాణ్ణి అడగడం వినిపించింది. ఇరవైయారేళ్ళలో ఎవరి పేరు దగ్గరా ఆ మాట చదవలేదు. అలా అప్పు తీసి చూస్తే, నేను గొంతెత్తి చదివిన అంకెల్లో ఎన్ని నిలిచేవో నాకు తెలియదు. పాస్టరు అయ్యగారు కవరు మీద చేయి ఉంచి, నర్సుకు ఎంతసేపు ప్రార్థన చేశారో మా పిల్లకూ అంతసేపే చేశారు. ఆమె తల వంచుకొని నిలబడింది. చెప్పులు లేని కాళ్ళు, మడమల దగ్గర పగుళ్ళు. అవి ఆత్మకూరు పల్లెల్లో తిరిగినప్పటివి.

ఆరాధన ముగిసి వరండాలోకి రాగానే ఒక తల్లి మా ఎదురుగా నిలబడింది. మార్కెట్‌యార్డులో ఉల్లిగడ్డలు ఏరే పనికి పోతుంది. పక్కన ఆమె కూతురు, ఇంటర్ అయిపోయిన పిల్ల.

"సారూ, మా పాప కూడా అక్క సదివిన సదువే సదువుతానని పట్టు పట్టింది. నువ్వు ఆ పొద్దు చెప్తే విన్నాదంట. బ్యాంకులో నువ్వే రాసియ్యాల సారూ."

ఆ పొద్దు అంటే నేను వరండాలో ఉపన్యసించిన పొద్దు. నా నోటినుంచి వెలువడిన మాట ఇంకొక ఇంట్లోకి పోయి కూర్చుందని నాకు తెలియదు. కాళ్ళు లాగుతున్నా కూర్చోబుద్ధి కాలేదు.

"వస్తానమ్మా. రాస్తాను" అన్నాను. "కానీ ముందు విను. ఈ చదువు మూడేళ్ళతో అయిపోదు. దాని తరువాత రెండేళ్ళు, ఆపైన శిక్షణ. మూడేళ్ళకే అప్పు చేసి, అక్కడ ఆగితే కష్టం. ఇలాంటిది నేనూ పడినవాణ్ణే, అయినా అడగలేదు, చెప్పలేదు. మొత్తానికీ ఎంత అవుతుందో లెక్క వేసుకొని పోవాలి. ఆ కాగితంలో ఎంత జీతం వస్తుందని ఒక గడి ఉంటుంది. దాన్ని నా ఊహతో నింపను. మా పిల్ల చెప్పిన అంకె వేస్తాను."

"ఎంతక్కా?" అంది ఆ పిల్ల.

"పద్నాలుగు" అంది మనుమరాలు. "అప్పు పోతే ఎంతో ఇప్పుడే విన్నావు గదా."

తల్లి కూతురి వైపు చూసింది. కూతురు మాత్రం మా పిల్లనే చూస్తోంది. "ఆ పని నీకు ఇష్టమేనా అక్కా?"

మనుమరాలు ఆ పిల్ల దగ్గరికి జరిగింది. "హాస్టల్లో ఒక పాప ఉండాది. నాలుగు దినాల నుంచి తింటాండలేదు. ప్రిన్సిపాలు, వాళ్ళ అమ్మకు బాగుందని చెప్పమన్నాడు. నేను నిజం చెప్పినా. వాళ్ళమ్మ వచ్చింది." అని, చేతిసంచి భుజానికి తగిలించుకుంది. "ఇష్టమే. శానా."

"ఆలోచిస్తాం సారూ" అని ఆ తల్లి పిల్లను నడిపించుకొని పోయింది. ఇదివరకటి రోజుల్లో అయితే ఆ మాట వింటే, ఒక విద్యార్థిని చదువునుంచి తప్పించానని నాకు నిద్ర పట్టేది కాదు. ఆ రోజు ఏమీ అనిపించలేదు. ఒక పని ఆలస్యంగా చేసినప్పుడు ఉండే అలసట మాత్రం ఉంది.

మధ్యాహ్నం కడప బస్సుకు ఆటో పిలిచాం. అవ్వ ఇంకా అలక మానలేదు. అయినా చిత్రాన్నం కట్టి, డబ్బా మూతకు రబ్బరు తగిలించి ఇచ్చింది. "తిను. అది బ్యాంకోల్లది కాదు" అంది. మనుమరాలు ఆమెను కావలించుకుంది.

ఆటో ఎక్కి, తల బయటికి పెట్టి అడిగింది.

"తాతా, బల్ల మీద ఆ ఎం.ఏ. ఫారం ఉండాది గదా. పారెయ్యొద్దు. వచ్చే ఏడు కూడా అదే పనికొస్తాదా?"

"పనికిరాదు. కొత్తది తెప్పించాల" అన్నాను. బ్యాంకు సంగతిలో చెప్పినట్టు, రాకేం అని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను.

"అయితే తెప్పించు" అంది. ఆటో కదిలింది.

ఇంట్లోకి వచ్చి ఆ ఫారం తీసి చూశాను. పేరు, తండ్రి పేరు, మార్కులు అన్నీ ఆమె ఎప్పుడో నింపి ఉంచింది. ఫీజు ఎవరు కడతారన్న గడి ఒక్కటి ఖాళీగా ఉంది. మడిచి, నా ప్రవీణ పట్టా ఉన్న ఫైలులో పెట్టాను. జూలై నెలాఖరుకు ఇంకా ఇరవై రోజులకు పైగా ఉన్నాయి. అవి గడిచిపోయాయి.